లవంగం వెయ్యని షర్బత్

పొయ్యి మీద పంచదార కరిగి నీళ్లు తేటపడ్డాయి. అంచులకు చేరిన తెల్లటి నురగను మక్బూలే గరిటెతో తీసి పారబోసి, మళ్లీ స్టూలు మీద కూలబడింది. పొద్దుటి నుంచి ఎన్ని గిన్నెలు కాచిందో ఆవిడకు గుర్తు లేదు. మోకాళ్లకు మాత్రం గుర్తుంది.

ముందు గదిలోంచి ఆడవాళ్ల నవ్వులు వినబడుతున్నాయి. కోడలు నెర్మిన్ మగపిల్లాణ్ణి కని వారం దాటింది. ఎదిర్నె ఊళ్లో ఏ ఇంట పురుడొచ్చినా వీధిలో ఆడవాళ్లకు కాలు నిలవదు. మంచు కురవనీ, గాలి కొట్టనీ, అల్లిన మేజోళ్లో ఉన్ని టోపీయో సంచిలో వేసుకుని బయలుదేరతారు. వచ్చిన ప్రతి మనిషికీ ఎర్రటి బాలింత షర్బత్ పొయ్యాలి. పలచటి పంచదార పాకంలో లవంగాలు, దాల్చినచెక్క పడేసి, రంగు దిగేదాకా కాచి, వేడివేడిగా గ్లాసుల్లో పోసి, పైన అక్రోటు పలుకులు చల్లి ఇవ్వాలి. ముందు బాలింత తాగాలి, తరవాత చుట్టాలు. తాగిన తల్లికి పాలు పడతాయి, పోసిన ఇంటికి మేలు జరుగుతుంది. ఇందులో ఎవరికీ అనుమానం లేదు, మక్బూలేకి అసలే లేదు.

అయినా ఆవిడ గిన్నెలో లవంగం లేదు. దాల్చినచెక్క కూడా లేదు.

వంటింటి తలుపు తెరిస్తే ఎదురుగా మెట్లు. మెట్లెక్కితే పైన వాటా. పైన వాటాలో ఆవిడ కూతురు మెలీహా ఒక్కతే పడుకుని ఉంది. లవంగం మరిగిందంటే ఆ వాసన ముందు గదిలోకి పోదు, తిన్నగా మెట్లెక్కుతుంది. ఎక్కి, ఇంట్లో బిడ్డ పుట్టింది, బిడ్డ పుట్టింది అని చెబుతుంది. మెలీహాకు ఆ మాట చెప్పకూడదు. బిడ్డ సంగతి మెలీహాకు తెలియదని కాదు. పసివాడి ఏడుపు పైకి వినబడకుండా ఉంటుందా? కానీ ఏడుపు ఆపడం మక్బూలే చేతిలో లేదు. లవంగం ఆపడం చేతిలో ఉంది.

చలికాలం మొదట్లో ఆ ఇంట్లో రెండు కడుపులు ఉండేవి. కూతురు పైన, కోడలు కింద. పక్కింటి పాకిజె గోడ మీంచి చూసి, "ఏమే మక్బూలే, ఈ ఏడు నీ పెరట్లో గుమ్మడికాయలు బలే కాశాయే!" అని ఎగతాళి చేసేది. మక్బూలే మురిసిపోతూనే దిష్టి తగలకుండా చెక్క మీద వేళ్లతో కొట్టేది. ఏ చెక్క సరిగ్గా తగల్లేదో ఏమో, మెలీహా కడుపులో బిడ్డ నెలలు నిండాక ఒక ఉదయం కదలడం మానేసింది. కన్నది మెలీహా. ఏడ్చింది కూడా మెలీహా ఒక్కతే, బిడ్డ ఏడవలేదు. ఆడపిల్ల. మగవాళ్లు గుడ్డలో చుట్టి తీసుకుపోయి మట్టిలో పెట్టి వచ్చారు. అల్లుడు రిఫత్ లారీ తోలుతాడు. ఏడవడానికి అతనికి దొరికింది కాస్త సమయమే. సరుకు ఎదురుచూస్తోందని మళ్లీ రోడ్డెక్కాడు. దుఃఖానికి సెలవిచ్చే యజమాని ఆ ఊళ్లోనే కాదు, ఏ ఊళ్లోనూ లేడు.

బిడ్డ లేదుగానీ పాలు మాత్రం వచ్చాయి. పాలకు ఏం తెలుసు పాపం. మంత్రసాని కాబేజీ ఆకులు పరిచి రొమ్ములకు గట్టిగా గుడ్డ కట్టింది. "వేడిది, తియ్యటిది పొయ్యకండి. షర్బత్ పేరు కూడా ఎత్తకండి," అని చెప్పి వెళ్లింది. మక్బూలే ఆ మాటను తు.చ. తప్పకుండా పాటించింది. మెలీహా పురిటికని దాచిన లవంగాల సీసాను అల్మారా పై అరలో, గోధుమపిండి డబ్బా వెనక్కి తోసేసింది. ఆ తరవాత నెల తిరక్కుండానే నెర్మిన్‌కు నొప్పులొచ్చాయి. ఒక కంటితో నవ్వు, ఒక కంటితో ఏడుపు అంటారు కదా. అది మాట వరసకు అనుకునేది మక్బూలే. అనుభవంలోకి వచ్చాక తెలిసింది, రెండు పనులూ చెయ్యలేక రెండు కళ్లూ ఎండిపోతాయి.

పైగా ఇంకొకటి. పురుడైన నలభై రోజుల్లో ఇద్దరు బాలింతలు ఒకరినొకరు చూసుకోకూడదు. చూసుకుంటే నలభైలు కలిసిపోతాయి, పసిబిడ్డకు పెరుగుదల ఉండదు. నెర్మిన్ తల్లి హాజెర్ పల్లె నుంచి వచ్చీ రాగానే ఈ సంగతి ఎత్తింది.

"వదినా, నేను చెప్పానని ఏమనుకోకు. మీ అమ్మాయి కూడా నలభైలో ఉంది. మెట్లు దిగకుండా చూసుకో."

"దానికి బిడ్డే లేదు కదా వదినా," అంది మక్బూలే నీరసంగా.

"బిడ్డ లేకపోతే ఏంటి? కన్నదా, లేదా?"

వాదించే ఓపిక కూడా ఒక రకమైన బలమే, అది మక్బూలే దగ్గర అయిపోయింది. మెలీహాకు ఎలా చెప్పాలా అని రోజంతా నలిగింది. తీరా చెబితే ఆ పిల్ల, "సరేనమ్మా," అని గోడ వైపు తిరిగి పడుకుంది. అప్పటి నుంచీ మెలీహా గుమ్మం దాటలేదు. బాలింతను ఒంటరిగా వదలకూడదు కనుక మక్బూలే పైకీ కిందికీ తిరుగుతూనే ఉంది. పైన సూప్, కింద షర్బత్. పైన దుప్పటి, కింద ఉయ్యాల. దేవుడు మనిషికి మోకాళ్లు రెండే ఎందుకిచ్చాడా అని ఆవిడ చాలాసార్లు అనుకుంది. మూడోది ఉంటే అదీ నొప్పి పెట్టేదని సర్దుకునేది.

ఇక లవంగం లేకుండా షర్బత్ చెయ్యడం ఎలా? పంచదార పాకం గుణం మంచిది, ఏది వేస్తే ఆ వాసన పట్టుకుంటుంది. పంచదారకు సరిసమానంగా నీళ్లు పోసి, కరిగే వరకు కలిపి, పొంగు వచ్చాక కలపడం మానేసి, తీగ రాకముందే దించి, గడ్డకట్టకుండా నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే చాలు. తరవాత దాని చేత ఏ వేషమైనా వేయించవచ్చు. మక్బూలే మొదట పాకం చల్లారాక పన్నీరు పోసింది. ఇల్లంతా గులాబీల వాసన. చాలా బాగుందనుకుంది. వచ్చినవాళ్లలో మొదటి గ్లాసు అందుకున్న పాకిజె ఒక గుటక వేసి కళ్లు పెద్దవి చేసింది.

"ఇదేంటే? ఎవరి సంస్మరణ?"

పన్నీరు షర్బత్ చనిపోయినవాళ్ల పేరు మీద ప్రార్థనలు చదివించినప్పుడు పోస్తారు. ఆ సంగతి మక్బూలేకు తెలియక కాదు, తోచలేదు. అలిసిన బుర్ర, మన ఇల్లనుకుని పక్కింటి తలుపు తట్టించినట్టు, తప్పుడు చోటికి తీసుకుపోతుంది. పాకిజె నాలుక కరుచుకుని, "అబ్బే, వాసన బాగుందిలే, బాగుంది," అని మిగిలింది గడగడా తాగేసింది. మక్బూలే గిన్నె మొత్తం సింకులో కుమ్మరించింది. వంటింట్లో నిలబడి చేతులు కడుక్కుంటూ, కూతురి బిడ్డకు తానే సంస్మరణ పెట్టినట్టయిందని తలచుకుంది. ఆ బిడ్డకు ఇంకెవరూ పెట్టలేదు కూడా.

మర్నాడు నారింజ తొక్కలు వేసి కాచింది. తొక్క వెనక తెల్లటిది గీకెయ్యడం మరచిపోయింది, చేదు దిగింది. తాగినవాళ్లు మర్యాదకు పెదవులు చప్పరించి, "ఆరోగ్యానికి మంచిది," అన్నారు. తిండి గురించి ఆ మాట అన్నారంటే ఇంక చెప్పేదేముంది. ఆ తరవాత ఎండాకాలంలో పట్టి ఉంచిన పుల్ల చెర్రీల పాకం సీసాలు గుర్తొచ్చాయి. రంగు దివ్యంగా కుదిరింది, ఎర్రగా, బాలింత షర్బత్‌కు తీసిపోకుండా. కొన్నాళ్లు దానితో గండం గడిచింది. వచ్చినవాళ్లు లోపల ఏమనుకున్నా పైకి తాగిపోయారు. మక్బూలే రోజుకో సీసా మూత తీస్తూ, మెట్ల వైపు ముక్కు పెట్టి వాసన చూసుకుంటూ బతికింది.

ఇవాళ ఆ సీసాలూ అయిపోయాయి. గిన్నెలో తెల్లటి పాకం ఉడుకుతోంది, అందులో ఏం వెయ్యాలో తోచడం లేదు. అల్మారాలో ఎండిన ఆపిల్ ముక్కలు కనబడితే గుప్పెడు పడేసింది. అప్పుడే హాజెర్ లోపలికి వచ్చింది. బక్కపలచటి మనిషి, కానీ ఆవిడ వస్తే వంటిల్లు ఇరుకైపోతుంది. తిన్నగా గిన్నె దగ్గరికి వెళ్లి వంగి వాసన చూసింది.

"ఆపిల్."

"అవును," అంది మక్బూలే.

"నిన్నటిదాకా పుల్ల చెర్రీ. అంతకు ముందు నారింజ. దానికి ముందు చావింటి పన్నీరు. వదినా, నా కూతురు నీకు ఏం అపకారం చేసిందో చెబుతావా?"

"అయ్యో, అదేం మాట?"

"ఉన్న మాటే. పిల్లాడు రాత్రంతా గుక్కపట్టి ఏడుస్తున్నాడు. దాని దగ్గర పాలు చాలడం లేదు. బాలింతకు పులుపు పోస్తావా ఎక్కడైనా? వచ్చినవాళ్లు వాకిలి దాటుతూ ఏమంటున్నారో విన్నావా? లవంగం కొనే తాహతు లేదా ఈ ఇంటికి అంటున్నారు. మా అల్లుడు ఓర్హాన్‌కు చెప్పి తెప్పిస్తాను, నేనే కాస్తాను."

"లవంగాలు ఉన్నాయి," అంది మక్బూలే.

"మరి?"

మక్బూలే కళ్లు మెట్ల వైపు తిరిగాయి. హాజెర్ కూడా అటు చూసింది. గిన్నెలో ఆపిల్ ముక్కలు ఉబ్బి పైకి తేలాయి.

"ఓహో, ఇదా సంగతి," అంది హాజెర్ చివరికి. గొంతు తగ్గింది కానీ మెత్తబడలేదు. "నీ కడుపుకోత నాకు అర్థం కాక కాదు. నేనూ ఒకణ్ణి మట్టిలో పెట్టినదాన్నే. అయితే ఒక్క మాట చెప్పు. పోయిన బిడ్డ కోసం ఉన్న బిడ్డ నోటి దగ్గర పాలు తియ్యడం న్యాయమేనా? వాడు నీ మనవడు కాడా?"

జవాబు తెలిస్తే మక్బూలే ఇన్నాళ్లు నారింజ తొక్కలు కాస్తూ ఎందుకు కూర్చుంటుంది? కూతురికి గాయం రేగకూడదు, మనవడి కడుపు నిండాలి. ఒకటి కావాలంటే ఒకటి వదలాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో మోకాళ్ల నొప్పి. షర్బత్‌తోనే పాలు వస్తాయా, రావా అని అడిగేవాళ్లు పట్నాల్లో ఉంటారు. ఈ వంటింట్లో ఉన్న ఇద్దరూ ఆ షర్బత్ తాగి పిల్లల్ని పెంచినవాళ్లు.

"తీస్తాను," అంది మక్బూలే.

స్టూలు అల్మారా దగ్గరికి జరుపుకుని ఎక్కబోయింది. మోకాలు సహకరించలేదు. హాజెర్ ఆవిడ భుజం పట్టుకుని దించి, తానే ఎక్కి గోధుమపిండి డబ్బా వెనక నుంచి సీసా తీసింది. మూత బిగుసుకుపోయి ఉంది. ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని తిప్పారు. మూత ఊడగానే వాసన గుప్పుమంది.

మక్బూలే ఆపిల్ పాకం పక్కన పెట్టి కొత్తగా మొదలుపెట్టింది. పంచదార, నీళ్లు, లవంగాలు, రెండు పొడవాటి దాల్చినచెక్కలు, షర్బత్‌కు రంగు ఇచ్చే ఎర్రటి బాలింత పంచదార పలక ఒకటి. పలకను గుడ్డలో చుట్టి రోకలితో కొట్టి ముక్కలు వేసింది. వంటింటి తలుపు వేసి, కింద సందులో తడిగుడ్డ కుక్కింది. కిటికీ బార్లా తెరిచింది. బయటి చలి కత్తిలా లోపలికి వచ్చింది. హాజెర్ శాలువా బిగించుకుని, "మనిద్దరం గడ్డకట్టి చస్తే అప్పుడు పాకిజె వచ్చి పన్నీరు షర్బత్ పోస్తుంది అందరికీ," అంది. మక్బూలేకు నవ్వు రావాల్సిన చోట దగ్గు వచ్చింది.

పాకం పొంగింది. లవంగాలు పైకీ కిందికీ మునకలు వేస్తున్నాయి. ఎరుపు దిగి, చిక్కబడి, కుంకుమ రంగులోకి తిరిగింది. కిటికీ తెరిచినా, గుడ్డ కుక్కినా, వాసన తన దారి తాను చూసుకుంది. మక్బూలే గరిటె పట్టుకుని నిలబడి, పైన తలుపు చప్పుడు వినబడుతుందేమోనని చెవులు రిక్కించింది. ఏమీ వినబడలేదు. కాస్త ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడు. మెల్లగా, ఒక్కో మెట్టూ గోడ పట్టుకుని దిగుతున్నట్టు.

"అమ్మా," అని తలుపు అవతలి నుంచి మెలీహా గొంతు.

మక్బూలే గరిటె వదిలేసి తలుపు దగ్గరికి పరుగెత్తింది. గుడ్డ లాగి తలుపు తీసింది. మెలీహా ఆఖరి మెట్టు దగ్గర ఆగిపోయి నిలబడి ఉంది. జుట్టు చెదిరిపోయి, ముఖం పాలిపోయి, రిఫత్ స్వెటర్ వేసుకుని. ముందు గది వైపు పొరపాటున కూడా చూడకుండా తల పక్కకు తిప్పుకుని ఉంది.

"ఎందుకు దిగావమ్మా? ఏం కావాలి? నేనే వస్తాను కదా పైకి," మక్బూలే రెండు చేతులూ చాపి దారికి అడ్డంగా నిలబడింది. "వాసన వచ్చిందా? కిటికీ తీశాను కన్నా. ఇప్పుడే ఆపేస్తాను. ఇంకెప్పుడూ..."

"ఇన్నాళ్లకు వేశావు," అంది మెలీహా.

"ఏంటి?"

"లవంగం. ఇన్నాళ్లకు వేశావు. రోజూ వాసన చూస్తున్నానమ్మా. పన్నీరు వచ్చింది, నారింజ వచ్చింది, చెర్రీ వచ్చింది. ఏంటి అమ్మకు చేతకాకుండా పోయిందా అనుకున్నాను. తరవాత అర్థమైంది నా కోసమేనని."

"నీ మనసు నొచ్చుకుంటుందని తల్లీ."

"నొచ్చుకుంది," అంది మెలీహా. ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతులో కోపం లేదు, కోపం పట్టేంత సత్తువ లేదు. "వెయ్యనందుకు నొచ్చుకుంది. అక్కడ పడుకుని రోజంతా అదే ఆలోచన. నాకెప్పుడు పోస్తుంది అమ్మ? ఇవాళ పోస్తుందా, రేపు పోస్తుందా?"

"పాలమ్మా," అంది మక్బూలే. "మంత్రసాని వద్దంది. పాలొస్తే నీకే కష్టం."

"పాలు షర్బత్ లేకుండానే వచ్చాయి. వచ్చి, చూసి, ఎవరూ లేరని ఎండిపోయాయి. ఇంకేం భయం?" మెలీహా గోడకు చేరబడింది. "మెట్లు దిగొద్దన్నారు, దిగలేదు. ఎందుకంటే బాలింతను కనక. నా కన్ను పడితే పిల్లాడికి చెడు జరుగుతుందన్నారు, సరేనన్నాను. ఎందుకంటే బాలింతను కనక. గుమ్మం దాటకూడదన్నప్పుడు బాలింతనే. షర్బత్ పోసేటప్పుడు మాత్రం కాదా అమ్మా? నేను కనలేదా?"

ముందు గదిలో ఆడవాళ్ల నవ్వు ఒకటి పైకి లేచి సద్దుమణిగింది. మక్బూలే తలుపు పట్టుకుని నిలబడింది. తాను ఇన్నాళ్లూ ఎంత జాగ్రత్తగా, ఎంత కష్టపడి ఈ పిల్లను ఒంటరిదాన్ని చేసిందో అప్పుడు అర్థమైంది. మంచి చేస్తున్నాననుకుంటూ తలుపు కింద గుడ్డ కుక్కింది. ఆ గుడ్డ ఇంకా చేతిలోనే ఉంది, దాంట్లోంచి నీళ్లు కాళ్ల మీద కారుతున్నాయి.

వెనక నుంచి హాజెర్ గొంతు సవరించుకుంది. మక్బూలే కూతురికి అడ్డంగా జరిగింది. ఇప్పుడు ఈవిడ నియమాలు వల్లిస్తుంది, పైకి పొమ్మంటుంది, పిల్ల ఇంకా కుంగిపోతుంది. ఈసారి ఊరుకోకూడదని మనసు గట్టి చేసుకుంది.

"అమ్మాయి అన్నదాంట్లో తప్పేముంది?" అంది హాజెర్.

"ఏంటి వదినా?"

"బాలింత తాగకుండా చుట్టాలకు పొయ్యకూడదు. ఇద్దరు బాలింతలున్న ఇంట్లో ముందు కన్నదానికి ముందు. ఇది నేను పుట్టించిన పద్ధతి కాదు, మా అమ్మమ్మ నాటిది." హాజెర్ అప్పటికే అల్మారాలోంచి బంగారు గీత గ్లాసులు తీసి తుడుస్తోంది. పండగలకు తప్ప తియ్యని గ్లాసులవి. "ఇన్నాళ్లూ వరస తప్పాం. అందుకే కాబోలు నా కూతురికి పాలు పడలేదు. నువ్వు ఆ నీళ్లోడే గుడ్డ అవతల పారెయ్. వడకట్టు, చల్లారిపోతుంది."

హాజెర్ నమ్మే దేవుడు నియమాల దేవుడు. ఆ దేవుడికి దయ ఉందని మక్బూలే ఎప్పుడూ అనుకోలేదు.

"నువ్వు పైకి వెళ్లు తల్లీ," అంది హాజెర్ మెలీహాతో, ముఖం చూడకుండా, గ్లాసు వెలుతురులో పెట్టి మరక చూస్తూ. "బాలింత మెట్ల మీద నిలబడి తాగుతుందా ఎక్కడైనా? మంచం మీద కూర్చో. చుట్టాలు నీ దగ్గరికి రావాలి."

మెలీహా ఒక క్షణం ఆవిడ వైపు చూసింది. వెనక్కి తిరిగి మెట్లెక్కింది. ఎక్కేటప్పుడు దిగినంత నెమ్మదిగా ఎక్కలేదు.

మక్బూలే షర్బత్ వడకట్టింది. కాస్త పళ్లెంలోకి ఒలికింది. హాజెర్ గుడ్డతో తుడిచి, గ్లాసు మీద అక్రోటు పలుకులు చల్లి, మరి కాసిన్ని చల్లింది. "నేనూ వస్తాను కానీ, ముందు నువ్వు వెళ్లు," అంది. "ముందు గది వాళ్లు అరిస్తే అరవనీ. దాహంతో ఎవరూ చావరు."

ఇన్నాళ్లూ లెక్కలేనన్నిసార్లు ఎక్కిన మెట్లే. పళ్లెం రెండు చేతులా పట్టుకుని ఉండటంతో గోడ పట్టుకునే వీలు లేదు. ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ పెట్టి, ఆగి, ఊపిరి తీసి ఎక్కింది. సగం మెట్ల దగ్గర ఒళ్లంతా ఒక్కసారి బరువెక్కి, ఇక్కడే కూర్చుండిపోతే బాగుండుననిపించింది. కానీ షర్బత్ చల్లారుతుంది.

పైన మెలీహా మంచం సర్దుకుంది. దుప్పటి ముడతలు లేకుండా లాగి, రెండు దిళ్లు వెనక పెట్టుకుని, నిటారుగా కూర్చుని ఉంది. జుట్టు దువ్వుకుంది. బాలింతలు చుట్టాల కోసం ఎలా కూర్చుంటారో అలాగే. పక్కన ఉయ్యాల ఉండాల్సిన చోట కుర్చీ ఒకటి వేసి ఉంది. వచ్చినవాళ్ల కోసం.

మక్బూలే గుమ్మం దగ్గర ఆగింది. తానిప్పుడు తల్లిగా కాక, చూడటానికి వచ్చిన మనిషిగా రావాలని ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. తల మీది గుడ్డ సరిచేసుకుంది.

"కష్టం గట్టెక్కావమ్మా," అంది. "క్షేమంగా బయటపడ్డావు. దేవుడికి దండాలు."

"మీ దయ," అంది మెలీహా. "రండి, కూర్చోండి."

మక్బూలే గ్లాసు అందించింది. మెలీహా దాన్ని రెండు అరచేతుల మధ్య పట్టుకుని వాసన చూసింది, చాలాసేపు. తరవాత కొంచెం తాగింది. ఆగి, మళ్లీ తాగింది. ముక్కు ఎర్రబడింది, కళ్లలోంచి నీళ్లు కారి గడ్డం మీదికి వస్తున్నా తుడుచుకోలేదు, గ్లాసు వదల్లేదు.

"తీపి సరిపోయిందా?" అంది మక్బూలే. చూడటానికి వచ్చినవాళ్లు ఏదో ఒకటి అడగాలి కదా.

"సరిపోయింది."

"లవంగం ఎక్కువైందేమో."

"లేదమ్మా. ఇలాగే ఉండాలి."

కింద ఎవరో నవ్వారు, ఎవరో హుష్ అన్నారు. హాజెర్ అయి ఉంటుంది. మక్బూలే మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. కూర్చున్నాక ఇంక లేవలేననిపించింది. బాలింతను చూడటానికి వెళ్లినవాళ్లు అడిగేది ఇంకొకటి మిగిలింది. అది అడగకపోతే ఈ పలకరింపు పలకరింపే కాదు. అడిగితే పిల్ల ఏమైపోతుందో తెలియదు. పాతిపెట్టిన రోజున మగవాళ్లు అడగలేదు, మంత్రసాని అడగలేదు, రిఫత్ అడిగాడో లేదో తెలియదు, తాను అడగలేదు. భయమేసి అడగలేదు.

"పాపకు పేరేం పెట్టుకున్నావమ్మా?"

మెలీహా గ్లాసులోంచి తలెత్తింది. ఎవరో దూరం నుంచి పిలిస్తే విన్నట్టు తల్లి ముఖంలోకి చూసింది.

"సునా," అంది. బయటికి ఎప్పుడూ పలకని పేరు కావడంతో గొంతులో తడబడింది. మళ్లీ చెప్పింది. "సునా. కడుపులో ఉండగానే పెట్టుకున్నా."

"సునా," అంది మక్బూలే. అంతటితో ఆగాలి. కానీ అలిసిపోయిన నోరు ఆగలేదు. ఆ ఊళ్లో పుట్టిన బిడ్డ పేరు చెవిన పడగానే ఎవరి నోటి నుంచైనా వచ్చే దీవెన, అమ్మల నాటిది, అమ్మమ్మల నాటిది, ఆలోచించకుండానే ఊడిపడింది. "పేరుతో పాటు నూరేళ్లు బతకాలి!"

మక్బూలే చటుక్కున చేత్తో నోరు మూసుకుంది. "అయ్యో, అయ్యో, నా నోరు పడిపోనూ! అలవాటుగా వచ్చేసింది తల్లీ, నా బుర్ర పనిచెయ్యడం లేదు, నేను అన్నది..."

మెలీహా గ్లాసు దుప్పటి మీద పెట్టింది. ముందుకు వంగి, నోటికి అడ్డంగా ఉన్న తల్లి చేతిని పట్టుకుని మెల్లగా కిందికి దించింది.

"వెనక్కి తీసుకోకమ్మా," అంది. "దానికి ఆ మాట ఎవరూ అనలేదు. ఒక్కరైనా అనాలి కదా."

ఆ చేతిని అలాగే పట్టుకుని, చూడటానికి వచ్చినవాళ్లకు బాలింత చెప్పవలసిన బదులు చెప్పింది.

"ఆమీన్."